రిటైరయ్యాక సాయానికి వెళ్తే "అంకుల్, మీరు కూర్చోండి" అన్నారు

ప్రశ్న: అమ్మా, నమస్తే. నా వయసు 61. ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో 33 ఏళ్ళు చేసి పోయినేడాది రిటైరయ్యాను. ఈమధ్య మా ఊళ్ళోకి వరద వచ్చింది, మా వీధి కాస్త మెరక మీద ఉంది కాబట్టి మాకేం కాలేదు. ఇంట్లో ఊరికే కూర్చోబుద్ధి కాక గమ్ బూట్లు కొనుక్కుని సహాయ శిబిరానికి వెళ్ళాను. అక్కడి కుర్రాళ్ళు మర్యాదగానే "అంకుల్, మీరు కూర్చోండి, మేం చూస్కుంటాం" అని కుర్చీ వేశారు. మూడు గంటలు కూర్చుని ఇంటికొచ్చేశాను. నాకు బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. మా ఆవిడ "మీకే ఒకళ్ళు సాయం చెయ్యాలి, మీరెళ్ళి ఎవరికి చేస్తారు" అంటోంది. మా అబ్బాయి డబ్బు పంపించేసి ఊరుకోమంటున్నాడు. నాలాంటి వాడు నిజంగా పనికొస్తాడా, లేక వెళ్తే అడ్డమేనా? కొన్న బూట్లు మూలన పడున్నాయి, చూస్తే బాధేస్తోంది.

సమాధానం: అన్నగారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఆ మూడు గంటల కుర్చీ దగ్గరే ఆగిపోయాను. నేను నర్సుగా రిటైరై తొమ్మిదేళ్ళు దాటింది, అప్పట్నుంచి ఈ సహాయ శిబిరాల పనిలోనే ఉన్నాను, ఇలా కుర్చీ వేసి కూర్చోబెట్టి పంపించేసిన మీ వయసు వాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు, వాళ్ళలో చాలామంది మళ్ళీ రాలేదు, అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఎందుకంటే ఆ వెళ్ళిపోయినవాళ్ళు చెయ్యగలిగిన పని ఏదో ఆ శిబిరాల్లో నాలుగో రోజు నుంచి నాకు కళ్ళ ముందు కనిపిస్తూనే ఉండేది, చేసే మనిషే ఉండేవాడు కాదు.

మీరు పనికిరాకపోవడం కాదండీ, మీరు వెళ్ళిన రోజు కుదరలేదు, అంతే. విపత్తు వచ్చిన రోజున వెళ్ళి "నేనొచ్చాను, ఏం చెయ్యమంటారు" అని నిలబడితే అక్కడ పని చూసే వాళ్ళకి మీరెవరో తెలీదు, మీకేం వచ్చో తెలీదు, మీ బీపీ సంగతి తెలీదు, మీరు కళ్ళు తిరిగి పడిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా తెలీదు. ఇలాంటి చోట్ల ఒక మనిషి సరిగ్గా చూసుకోగలిగేది సుమారు ఐదుగుర్నే, మహా అయితే ఏడుగురు అని ఈ పని నేర్పేవాళ్ళందరూ చెప్పే లెక్క. ఆ కుర్రాడి కింద అప్పటికే ఇరవై మంది ఉండుంటారు, మీరు ఇరవై ఒకటో మనిషి. అతను మిమ్మల్ని కాదన్లేదు, మిమ్మల్ని ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.

తెలీకుండా దూకితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1985 సెప్టెంబర్‌లో మెక్సికో సిటీలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు మామూలు జనమే పరిగెత్తుకొచ్చి శిథిలాల కింద నుంచి దాదాపు 800 మందిని బయటికి లాగారని చెబుతారు, ఎంత గొప్ప పనో చూడండి, కానీ అలా లాగే క్రమంలో ట్రైనింగ్ లేని వాలంటీర్లే 100 మంది దాకా చచ్చిపోయారట. దాన్ని చూశాకే లాస్ ఏంజెలస్ ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మామూలు జనానికి ముందే ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టారు, అదే తర్వాత చాలా చోట్లకి పాకింది. కాబట్టి ఏ ఆపదా లేని మామూలు రోజున, ఇప్పుడే, మీ దగ్గర్లో రెడ్‌క్రాస్ శాఖో (అది 190కి పైగా దేశాల్లో ఉంది), ఫైర్ స్టేషన్ వాళ్ళు నడిపే వాలంటీర్ బృందమో, పేరున్న సేవా సంస్థో చూసుకుని పేరు రాయించుకోండి. ఫస్ట్ ఎయిడ్ క్లాసు, ఒకట్రెండు డ్రిల్లులు, ఒక ఐడీ కార్డు, ఇంతే కావాల్సింది. ఈసారి మీరు వెళ్ళేసరికి ఆ కుర్రాడికి మీ పేరు తెలిసుంటుంది. సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళని ఛాతీ నొక్కి బతికించే పద్ధతి) నేర్పేటప్పుడు నేల మీద మోకాళ్ళేసి నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, మీ మోకాళ్ళు ఒప్పుకోకపోతే సిగ్గుపడకుండా చెప్పండి, ఎలా చెయ్యాలో తెలిసినవాడు పక్కన నిలబడి లెక్కపెడుతూ ఇంకొకరితో చేయించినా ప్రాణం నిలబడొచ్చు.

ఇంక మీ పని. మీరు ఉత్తరంలో 33 ఏళ్ళు స్టోర్స్‌లో చేశానని ఒక్క ముక్కలో రాసేసి బీపీ గురించీ మోకాళ్ళ గురించీ బాధపడ్డారు. అన్నగారూ, శిబిరంలో బస్తాలు మొయ్యడానికి కుర్రాళ్ళు దొరుకుతారు, కానీ ఏ బస్తాలో ఏముందో చెప్పేవాడు దొరకడు. నేను కళ్ళారా చూసింది చెప్తాను. ఒక స్కూల్ హాల్లో శిబిరం, వచ్చిన సామానంతా ఒక క్లాస్‌రూమ్‌లో తలుపు నుంచి కిటికీ దాకా కుప్పేశారు. చంటిపిల్లల తల్లులు డైపర్లు లేక పాత గుడ్డలు చింపి వాడుకుంటున్నారు, ఆ గుడ్డలు ఉతకడానికి నీళ్ళు లేవు, పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లు. ఐదో రోజున మీలాంటి ఒక పెద్దాయన వచ్చి, ఆయన ఏదో గోడౌన్‌లో పని చేసి రిటైరయ్యారట, ఇద్దరు కుర్రాళ్ళని అడిగి తీసుకుని గది ఖాళీ చేయించి లెక్క రాయడం మొదలుపెట్టారు, పాత బట్టల మూటల కింద మూడు పెద్ద పెట్టెల నిండా డైపర్లు దొరికాయి. మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయవి. ఆయన మార్కర్ పెన్నుతో పెట్టె మీద కాకుండా పెట్టె పక్కన రాస్తుంటే ఎందుకని అడిగాను, "పైన రాస్తే దాని మీద ఇంకో పెట్టె పెట్టగానే కనపడదు కదమ్మా" అన్నారు. నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు ఆ మాట. మీకు ఇది చాలా చిన్న విషయం అనిపిస్తుంది, రోజూ చేసిన పని కాబట్టి.

వచ్చినదానికి రసీదు, ఇచ్చినదానికి ఇష్యూ స్లిప్, ఒక్కో వస్తువుకి ఎంత వచ్చిందో ఎంత పోయిందో రాసే బిన్ కార్డు, సాయంత్రానికి క్లోజింగ్ స్టాక్, ఎక్స్‌పైరీ దగ్గరున్నది ముందు బయటికి, ఇవి మీకు నిద్రలో లేపినా వచ్చు. అక్కడ ఇవేవీ లేకే మందులు పాడవుతాయి, ఒకే కుటుంబానికి నాలుగు దుప్పట్లు వెళ్తాయి, పక్క కుటుంబానికి ఒక్కటీ ఉండదు, గొడవలు అక్కడే మొదలవుతాయి. ఇంకో సంగతి, ఏం కావాలో అడిగి రాసే పుస్తకం ఒకటి వేరే పెట్టండి. పంపించేవాళ్ళు తమకి తోచింది పంపిస్తారు, ఆడవాళ్ళకి ప్యాడ్లు, లోపలి బట్టలు, కళ్ళజోళ్ళు, చేతికర్రలు, ఇవి ఎవరికీ తోచవు, అడిగితే తప్ప తెలీవు, అందులో కొన్ని మగవాళ్ళు అడిగితే ఆడవాళ్ళు చెప్పరు కూడా, ఆ పుస్తకం ఒక ఆడమనిషి చేతికి ఇవ్వండి.

లెక్కలంటే ఇష్టం కాబట్టి ఇంకో నాలుగు అంకెలు గుర్తుపెట్టుకోండి. శిబిరాలు ఎలా ఉండాలనేదానికి స్ఫియర్ ప్రమాణాలని ప్రపంచమంతా వాడే కొలతలున్నాయి, 1997లో మొదలయ్యాయి. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్ళు, తాగడానికీ వంటకీ ఒంటికీ అన్నిటికీ కలిపి. పడుకోవడానికి మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు. మొదటి రోజుల్లో 50 మందికి ఒక టాయిలెట్, వీలైనంత తొందరగా 20 మందికి ఒకటి, మగవాళ్ళకి ఒకటుంటే ఆడవాళ్ళకి మూడు. నీళ్ళ కోసం లైన్లో అరగంట మించి నిలబడకూడదు. మీరు ఒక టేపూ పుస్తకం పట్టుకుని శిబిరం చుట్టూ ఒకసారి తిరిగి ఇవి రాసిచ్చారనుకోండి, అడిగేవాళ్ళకి గట్టిగా అడగడానికి చేతిలో కాగితం ఉంటుంది. "ఇబ్బందిగా ఉందండీ" అని చెప్పడం వేరు, "340 మందికి నాలుగు టాయిలెట్లున్నాయి" అని చెప్పడం వేరు.

వయసు గురించి అడిగారు. ఈ పనిలో వయసు అడ్డం కాదు, అదొక చూపు. ఒకసారి శిబిరంలో ఒక ముసలాయన మూడ్రోజుల్నుంచి గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడు, వచ్చినవాళ్ళందరూ "తిన్నారా తాతా" అని అడుగుతున్నారు, తిన్నానంటున్నాడు, ముందుకెళ్ళిపోతున్నారు. నేను పక్కన కూర్చున్నాక పిడికిలి విప్పి చూపించాడు, ఖాళీ మాత్రల స్ట్రిప్పు, పేరున్న వైపు చింపేసి ఉంది, చివర రెండక్షరాలే కనపడుతున్నాయి. బీపీ చూస్తే చాలా ఎక్కువుంది. ఆ కుర్రాళ్ళది తప్పు కాదు, పాతికేళ్ళ వాళ్ళకి రోజూ మాత్ర వేసుకోవాలనే సంగతే గుర్తు రాదు. మీరైతే అన్నం సంగతి తర్వాత, ముందు "మాత్రలున్నాయా" అనే అడిగుండేవారు. 2005లో కత్రినా తుఫానుకి లూసియానాలో చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది 75 దాటినవాళ్ళు, 2011లో జపాన్ సునామీలో పోయినవాళ్ళలో సగానికి పైగా 65 దాటినవాళ్ళు. ఎవరికి ఏ మాత్ర, ఎవరికి ఇన్సులిన్, ఎవరికి డయాలిసిస్, ఎవరికి చెవులు వినపడవు, ఈ జాబితా రాసి డాక్టర్ చేతిలో పెట్టడానికి మోకాళ్ళతో పనిలేదు. మీరు మందు ఇవ్వకండి, పేరూ మోతాదూ రాసి ఇచ్చే మనిషికి అందించండి, అంతే.

పక్కన కూర్చోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు మానసిక ప్రథమ చికిత్స అని ఒక చిన్న పుస్తకం తెచ్చారు, దాని సారం మూడే మాటలు, చూడు, విను, కలుపు. ముందు ప్రమాదం ఏదన్నా ఉందేమో ఎవరు బాగా కుంగిపోయి ఉన్నారో చూడాలి, చెప్పింది వినాలి, తర్వాత వాళ్ళకి కావాల్సిన మనిషితోనో సాయంతోనో కలపాలి. ఏం జరిగిందో చెప్పమని ఒత్తిడి చెయ్యకూడదు. మనవాళ్ళు ఎంతో ప్రేమగా అనే మాటొకటుంది, "పోన్లెండి, ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు". ఇల్లు పోయినవాళ్ళ దగ్గర ఆ మాట అనకండి అన్నగారూ. ఒకావిడ ఆ మాట విని అప్పటిదాకా మాట్లాడుతున్నది కాస్తా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోవడం చూశాను. దక్కింది మనం లెక్కపెట్టకూడదు, పోయింది వాళ్ళు చెప్పుకోవాలి. ఊరికే వినండి, మంచినీళ్ళు ఇవ్వండి, ఫోన్ చార్జింగ్‌కి పవర్ బ్యాంక్ ఇవ్వండి, "ఎవరికైనా ఫోన్ చెయ్యాలా" అని అడగండి.

అసలు మీ కాలం మొదలయ్యేది జనం వెళ్ళిపోయాక. ఉద్యోగాలున్న కుర్రాళ్ళు రెండ్రోజులు సెలవు పెడతారు, మూడో రోజు ఫోన్లు వస్తాయి, వెళ్ళిపోతారు, వాళ్ళనేం అనలేం. రెండు వారాలకి కెమెరాలు కూడా పోతాయి. బురద మాత్రం ఉంటుంది, పోయిన కాగితాలుంటాయి, నష్టపరిహారం ఫారాలుంటాయి. 1995 జనవరి 17న జపాన్‌లో కోబె భూకంపం వచ్చినప్పుడు ఆ ఏడాది 13 లక్షల మందికి పైగా వాలంటీర్లు వచ్చారని చెప్తారు, ఆ తర్వాత ఆ తేదీనే అక్కడ విపత్తు, వాలంటీర్ల దినంగా పెట్టుకున్నారు. అంతమంది వచ్చిన చోటే, తర్వాత కట్టిచ్చిన తాత్కాలిక ఇళ్ళల్లో 200 మందికి పైగా ఒంటరిగా, ఎవరికీ తెలీకుండా చచ్చిపోయారు. ముసలివాళ్ళకీ జబ్బుమనుషులకీ ముందు ఇళ్ళు ఇవ్వాలనుకున్నారు, మంచి ఆలోచనే, కానీ లాటరీ తీసి ఇచ్చేసరికి పాత ఇరుగుపొరుగు తలో దిక్కయ్యారు, తలుపు తట్టే మనిషి లేకపోయాడు. అప్పట్నుంచే అక్కడ వాలంటీర్లు ఇంటింటికీ వెళ్ళి పలకరించడం, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి టీ తాగించడం ఒక పనిగా పెట్టుకున్నారు. వారానికి రెండు రోజులు, పది ఇళ్ళు, ఆరు నెలల పాటు తలుపు తట్టగలిగేది ఎవరు? సెలవు అక్కర్లేని మనిషి. మీరు.

ముందు చెయ్యాల్సింది కూడా ఒకటుంది, దీనికి ఏ సంస్థా అక్కర్లేదు. మీ వీధిలో నడవలేనివాళ్ళు, ఒంటరిగా ఉండేవాళ్ళు, బాలింతలు, మంచం మీదున్నవాళ్ళు ఎవరెవరో ఒక కాగితం మీద రాసుకోండి, ఎవరు ఎవర్ని పట్టుకెళ్ళాలో ఇప్పుడే అనుకోండి, కానీ వాళ్ళని అడిగి రాయండి, ఆ కాగితం అందరికీ పంచకండి. బంగ్లాదేశ్‌లో 1970 తుఫానుకి 3 లక్షల మందికి పైగా పోయారని అంచనా, ఆ తర్వాత 1972లో వాళ్ళు ఊళ్ళల్లో వాలంటీర్లని తయారుచేశారు, జెండాలూ మెగాఫోన్లూ పట్టుకుని తుఫానుకి ముందే తలుపులు తట్టేవాళ్ళు, ఇప్పుడు 76,000 మందికి పైగా ఉన్నారు, అందులో సగం ఆడవాళ్ళే. తుఫాన్లు ఆగలేదు, చావులు మాత్రం చాలా తగ్గాయి. ఏ ఇంట్లో ఎవరు కదల్లేరో బయట నుంచి వచ్చినవాడికి తెలీదు, వీధిలో ఉండేవాళ్ళకే తెలుస్తుంది. మెసేజ్‌ల విషయంలోనూ అంతే, "గేట్లు ఎత్తేశారట, పారిపోండి" అని ఫోన్లో వస్తే తేదీ, టైమూ, ఎవరు చెప్పారో చూసుకోకుండా ముందుకి పంపకండి.

ఇంక నర్సుగా మీకు కొన్ని మాటలు గట్టిగానే చెప్తాను. ప్రవహించే నీళ్ళల్లో దిగకండి, పదిహేను సెంటీమీటర్ల లోతున్నా పడేస్తాయి, ముప్పై సెంటీమీటర్లకి చిన్న కార్లే తేలిపోతాయి. బురదనీళ్ళల్లో చిన్న గీత పడ్డా వదిలెయ్యకండి, సబ్బుతో కడిగి మూసి కట్టండి, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్ళు దాటితే ఇప్పుడే వేయించుకోండి, వరద తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టర్‌కి నీళ్ళల్లో తిరిగానని తప్పకుండా చెప్పండి, ఎలుకల నుంచి వచ్చే జ్వరం అలానే దొరక్కుండా పోతుంది. జనరేటర్ గదిలోపల నడుస్తుంటే ఆ గదిలో కూర్చోకండి, వాసన లేని గ్యాస్‌తో మనుషులు పోతారు. మీ మాత్రలు మూడు రోజులకి సరిపడా జేబులో, పేరు, బ్లడ్ గ్రూపు, మందులు, ఇంటి ఫోన్ నంబర్ రాసిన చీటీ ఇంకో జేబులో. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతుంటే ఎండలో పని గురించి మీ డాక్టర్ని ముందే అడగండి. నాలుగు గంటలు మించి ఒక్క రోజులో వద్దు, ఎంత పనున్నా సరే, ఎందుకంటే మీరు ఆరు నెలలు కావాలి మాకు.

వదినగారి మాట తప్పు పట్టకండి. ఆవిడ భయం మీకేదన్నా అయితే ఎవరికీ తెలీదేమోనని. ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరి కింద పని చేస్తున్నారో, ఎన్నింటికి వస్తారో రాసి ఫ్రిజ్ మీద అతికించండి, ఆ టైమ్‌కి వచ్చెయ్యండి, రెండుసార్లు అలా వచ్చారంటే మూడోసారికి ఆవిడే చీటీ అడుగుతుంది. ఆ రెండో పుస్తకం ఆడమనిషి చేతికి ఇవ్వమన్నాను చూడండి, ముందు ఆవిడని అడిగి చూడండి. మీ అబ్బాయి చెప్పినదాంట్లోనూ సగం నిజముంది, పాత బట్టలు పంపేకంటే డబ్బు పంపడం చాలాసార్లు మేలే, రసీదు ఇచ్చే సంస్థకే పంపమనండి. మీరు మాత్రం ఎవరి డబ్బూ మీ సొంత అకౌంట్లోకి తీసుకోకండి, ఎంత నమ్మకమున్నా సరే, లెక్క ఎప్పుడూ ఇద్దరి సంతకంతోనే ఉండాలి. మీకు నేను చెప్పేదేముంది, స్టోర్స్‌లో చేసినవారు.

ఇంకోటి, ఆ బూట్లు ఎవరికీ ఇచ్చెయ్యకండి, శిబిరంలో అక్కర్లేకపోయినా ఇళ్ళల్లో బురద తీసే రోజున కావాలి. ఇప్పుడు లోపల కాగితాలు కూరి పెట్టండి, వేసుకునే రోజు మాత్రం ముందు తలకిందులు చేసి గట్టిగా దులపండి, మూలన పెట్టిన బూట్లలో తేళ్ళు దూరతాయి.